పాలిష్ డబ్బా పట్టిన షేకుల్ జామియా

బేగంబజారు అనగానే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు గిన్నెలూ పెళ్ళిసామానూ, మగవాళ్ళకు హోల్‌సేలు బేరాలూ గుర్తుకు వస్తాయి. హైదరాబాదులోని ఆ బేగంబజారులోనే 1897 ఫిబ్రవరి 8వ తేదీన ఒక పఠాను వకీలుగారి ఇంట మూడవ కొడుకుగా పుట్టిన పిల్లవాడు తర్వాత భారతదేశానికి రాష్ట్రపతి అయినాడు. ఆయనే మర్హూం డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్. అచ్కన్, తెల్లటోపీ, చక్కగా కత్తిరించిన గడ్డంతో వున్న ఆయన ఫొటోను మన పెద్దలందరూ ఏదో ఒక బడిలోనో ఆఫీసులోనో చూసే వుంటారు. అయితే నేనిప్పుడు చెప్పబోయేది రాష్ట్రపతి భవనం సంగతి కాదు. అక్కడ ఆయన వున్నది నిండా రెండేళ్ళు కూడా కాదు. అంతకు ముందు ఢిల్లీలో, ఉస్తాదులకు జీతాలు కూడా సరిగా ఇవ్వలేని ఒక బీద విద్యాసంస్థను 1926 నుంచి 1948 వరకు ఇరవై రెండేళ్ళపాటు నడిపించిన జాకిర్ సాహెబ్ సంగతి. మన సొసైటీ కుటుంబాలకు పనికివచ్చేది ఆ భాగమే అని నా వుద్దేశం.

తండ్రి ఫిదా హుసేన్ ఖాన్‌గారు. వుత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్ వారి స్వస్థలం. ఆఫ్రిదీ పఠానులు. ఆయన హైదరాబాదు వచ్చి వకీలుగా బాగా పైకి వచ్చినారు. కాని క్షయవ్యాధి సోకి 1907లో చనిపోయినారు. అప్పటికి జాకిర్ హుసేన్‌కు పదేళ్ళు. ఏడుగురు మగపిల్లలతో తల్లి నాజ్నీన్ బేగం కాయంగంజ్‌కు తిరిగి వెళ్ళిపోయినారు. పిల్లవాణ్ణి ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్పించినారు. 1911లో కాయంగంజ్‌లో ప్లేగు వచ్చి ఆ తల్లిని కూడా తీసుకొని పోయింది. పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ లేని పిల్లవాడైనాడు. ఇంత కష్టంలో పెరిగినవాళ్ళు కొందరు లోకం మీద కసి పెంచుకొంటారు, కొందరు మూతి ముడుచుకొని కూర్చుంటారు. ఈయన ఆ రెండు రకాల్లోనూ చేరలేదు. నవ్వడం నేర్చుకొన్నారు, నవ్వించడం కూడా.

అలీగఢ్ కాలేజీలో ఆయన స్నేహితులు ఆయనను ముర్షిద్ అని పిలిచేవారు. ముర్షిద్ అంటే గురువు, దారి చూపే పీరు. మరి పిల్లవాడికి ఆ పేరేమిటంటే, సగం వేళాకోళం, సగం నిజం. యూనియన్ చర్చల్లో ఆయన లేచి మాట్లాడితే ఎదుటి పక్షంవాళ్ళు కూడా నవ్వాపుకోలేకపోయేవారు. ఆయన ప్రాణస్నేహితుడు రషీద్ అహ్మద్ సిద్దీఖీ సాహెబ్ తర్వాత ఉర్దూలో పేరుమోసిన హాస్యరచయిత అయినారంటే ఆ జమాతులో నవ్వుల పాలు ఎంతో ఊహించుకోవచ్చును. ముర్షిద్‌గారికి కొంచెం బద్ధకం కూడా వుండేదట. ఈ మాట ఆయన జీవితచరిత్ర రాసిన ఆప్తులే దాచకుండా రాసినారు. గొప్పవాళ్ళకు కూడా మనలాంటి లోపాలుంటాయని తెలిస్తే మనసుకు కొంత హాయిగానే వుంటుంది.

1920 అక్టోబరులో గాంధీజీ, మౌలానా మహమ్మదలీ, మౌలానా షౌకతలీ అలీగఢ్‌కు వచ్చినారు. సర్కారు డబ్బుతో నడిచే చదువు వదిలి బయటికి రమ్మని విద్యార్థులను అడిగినారు. జాకిర్ హుసేన్ అప్పుడు ఎం.ఏ. చదువుతూ అక్కడే కొంత పాఠం కూడా చెబుతున్నారు. ముందర మంచి ఉద్యోగం, హోదా కనబడుతూనే వున్నాయి. ఆయన బయటికి నడిచినారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్ మసీదులో షేకుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ సాహెబ్ చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైనది. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ ఛాన్సలర్, మౌలానా మహమ్మదలీ మొదటి షేకుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్. భవనాలు లేవు, డేరాలే తరగతులు.

1922లో జాకిర్ సాహెబ్ పై చదువుకు జర్మనీ వెళ్ళినారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు సంపాదించినారు. అది మామూలు సంగతే. మామూలు కానిది మరొకటి వుంది. ఆయనకు గాలిబ్ కవిత్వమంటే ప్రాణం. గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించాలని బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సుకు వెళ్ళినారు. పని సాగకపోతే తానే కంపోజింగు నేర్చుకొని, ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చి చాలా పేజీలు తన చేతులతోనే కంపోజు చేసినారు. 1925లో వెలువడిన ఆ చిన్న పుస్తకాన్ని ఉర్దూ ప్రేమికులు కళ్ళకద్దుకొన్నారు. డాక్టరేటు చదువుతున్న వ్యక్తి ప్రెస్సు కూలీ పక్కన నిలబడి చేతికి సిరా పూసుకోవడం ఆ రోజుల్లో మన దేశంలో జరిగే పనేనా? పని ఎవరిదైనా తాను చేయవచ్చునన్న గుణం ఆయనకు అక్కడే కుదిరిందేమో అని నాకనిపిస్తుంది.

ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. 1924లో టర్కీలో ఖిలాఫత్తే రద్దయిపోయింది. ఖిలాఫత్ కమిటీ నుంచి వచ్చే డబ్బు ఎండిపోయింది. సంస్థను మూసివేద్దామని పెద్దలే అనుకొన్నారు. ఈ కబురు బెర్లిన్ చేరింది. అక్కడ జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, మహమ్మద్ ముజీబ్ అనే ముగ్గురు యువకులు కూర్చొని ఆలోచించి, తాము వచ్చి జీవితమంతా జామియాకే ఇస్తామనీ, తాము వచ్చేవరకు మూసివేయవద్దనీ కబురు పంపినారు. గాంధీజీ కూడా అవసరమైతే తానే జోలె పట్టుకొని అడుక్కువస్తానన్నారు. 1925లో జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్ బాగ్‌లోని అద్దె ఇళ్ళకు మారింది. 1926లో ముగ్గురు స్నేహితులూ వచ్చి చేరినారు. 29 ఏళ్ళ వయసులో జాకిర్ సాహెబ్ షేకుల్ జామియా అయినారు.

పదవి పేరు మాత్రం పెద్దది. ఆ వైస్ ఛాన్సలర్ పాఠాలు చెప్పాలి, చందాలు పోగుచేయాలి, అప్పులవాళ్ళకు సమాధానం చెప్పాలి, పిల్లల భోజనాల సంగతి కూడా చూడాలి. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ కన్నుమూసినారు. ఆయన వున్నన్నాళ్ళు తన జేబులో నుంచి తీసి ఇచ్చేవారు. ఆ ఆసరా కూడా పోయింది. అప్పుడు 1928లో జాకిర్ సాహెబ్ నాయకత్వాన పదకొండుమంది ఉస్తాదులు ఒక ప్రమాణం చేసినారు. ఇరవై ఏళ్ళు జామియాను వదలము, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోము అని. రాసుకొన్నది 150, చేతికి వచ్చేది అది కూడా కాదు. జాకిర్ సాహెబ్ తీసుకొన్నది ఆ హద్దుకు ఎంతో దిగువన. అదైనా ఒకేసారి చేతికి అందిన నెలలు తక్కువ. జర్మన్ డాక్టరేటు వున్న మనిషికి ఆనాడు ఏ సర్కారు కాలేజీలోనైనా దానికి ఎన్నో రెట్లు దొరికేది.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. భర్త త్యాగం చేస్తే ఆయనకు పేరు వస్తుంది. ఆ తక్కువ జీతంలో పొయ్యి వెలిగించవలసిన ఇల్లాలికి ఏ పేరూ రాదు. జాకిర్ సాహెబ్‌కు పద్దెనిమిదేళ్ళ వయసులోనే షాజహాన్ బేగం సాహెబాతో నిఖా జరిగింది. జామియా కష్టాలన్నీ ఆమె వంటింటి కష్టాలు కూడా. మిగతా పదిమంది ఉస్తాదుల ఇళ్ళల్లోనూ అంతే. వాళ్ళ పేర్లు ఏ సావనీరులోనూ ఎక్కలేదు.

మరి డబ్బు లేనిచోట, పదోన్నతి లేనిచోట, రేపు సంస్థ వుంటుందో లేదో తెలియనిచోట ఇంతమంది చదువుకొన్నవాళ్ళు ఎందుకు నిలబడినారు? కేకలు వేస్తే నిలబడరు. ఉపన్యాసాలకు వారం రోజులు నిలబడతారేమో. జాకిర్ సాహెబ్ పద్ధతి వేరు. ఆ పద్ధతికి రెండు కథలు చాలాకాలంగా చెప్పుకొంటున్నారు. పిల్లల పాఠ్యపుస్తకాల్లో కూడా వచ్చినాయి.

ఒకటి బూట్ల కథ. విద్యార్థులు శుభ్రంగా రావాలని, బూట్లు పాలిష్ చేసుకొని రావాలని ఆయన చెప్పినారు. ఒకసారి కాదు, చాలాసార్లు. పిల్లలు విన్నారు, మరిచిపోయినారు. పిల్లలంటే అంతే కదా! నోటీసు వేసినా ఫలితం లేదు. ఒకరోజు పొద్దున బడి గేటు దగ్గర ఒక మనిషి బ్రష్షు, పాలిష్ డబ్బా పెట్టుకొని కూర్చున్నాడు. మురికి బూట్లతో వచ్చిన ప్రతి పిల్లవాణ్ణి ఆపి, కాలు పట్టుకొని, బూటు తుడిచి పాలిష్ వేయసాగినాడు. వంగి చూస్తే షేకుల్ జామియా! పిల్లల ముఖాలు ఏమైపోయి వుంటాయో ఆలోచించండి. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి గేటు దగ్గర ఆయనకు పని లేకుండా పోయింది.

రెండవది నౌకరు కథ. ఇంట్లో ఒక నౌకరు పొద్దెక్కేదాకా పడుకొనేవాడు. ఇంటివాళ్ళందరూ విసిగిపోయి వాణ్ణి పంపించివేయమన్నారు. జాకిర్ సాహెబ్ తానే దారికి తెస్తానన్నారు. ఒక తెల్లవారుజామున చెంబుతో నీళ్ళు, సబ్బు, తువాలు తీసుకొని వాడి మంచం దగ్గరికి వెళ్ళినారు. అయ్యగారూ తెల్లవారింది, ముఖం కడుక్కోండి, చాయ్ తెస్తానని అదబుగా లేపినారు. వాడు మొదట కల అనుకొన్నాడేమో. కళ్ళు నులుముకొని చూసేసరికి చాయ్ పళ్ళెంతో సాహెబే నిలబడి వున్నారు. ఆ తర్వాత వాణ్ణి లేపవలసిన అవసరం ఎవరికీ రాలేదట.

ఈ కథలు విని నవ్వుకొంటాము. కాని ఒక సంగతి గమనించాలి. మనం వేళాకోళం చేస్తే ఎదుటివాడు పలచన అవుతాడు. ఆయన హాస్యంలో కింద కూర్చొనేది ఎప్పుడూ ఆయనే. ఇంకొకటి. రేపు మనలో ఎవరైనా పాలిష్ డబ్బా తీసుకొని గేటు దగ్గర కూర్చొంటే అది నాటకం అవుతుంది, పిల్లలు చాటున నవ్వుతారు. మన సొసైటీ జల్సా రోజున షామియానా కింద కుర్చీలు సర్దే వేళకు కమిటీ మెంబర్లం ఎక్కడెక్కడ వుంటామో మీకందరికీ తెలిసిందే. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నవాడు కూడా అందులోని వాడే. జాకిర్ సాహెబ్ చేస్తే పిల్లలకు సిగ్గు వేసిందంటే, తక్కువ జీతానికి ముందుగా ఒప్పుకొన్నది, ఎక్కువ పని ముందుగా ఎత్తుకొన్నది ఆయనే అని ఆ పిల్లలకు కూడా తెలుసు కనుక.

డబ్బు కోసం ధనవంతుల గుమ్మాల ముందు నిలబడటం ఆయనకు చాలా కష్టంగా వుండేది. అయినా వెళ్ళేవారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయి సాహెబ్ అనే సహచరుడు హమ్‌దర్దానె జామియా అని ఒక వ్యవస్థ ఏర్పరచినారు. దేశమంతటా వున్న మామూలు మనుషులు తమకు తోచిన చిన్న మొత్తం పంపేవారు. ఒక్కరిచ్చే లక్ష కన్నా వేయిమంది ఇచ్చే రూపాయి ఒక సంస్థకు ఎంత బలమో చందా పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగినవాళ్ళకు తెలుస్తుంది.

పిల్లల బడి అంటే ఆయనకు మరీ ఇష్టం. యూనివర్సిటీ పెద్దమనిషి అయివుండి పిల్లల కోసం కథలు రాసినారు. అబ్బూఖాన్ మేక కథ ఉర్దూ చదివిన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు! కొండ మీద స్వేచ్ఛ కోసం తోడేలుతో రాత్రంతా పోరాడిన చాందినీ అనే మేక కథ. దాన్ని ఆయన తన పేరుతో అచ్చు వేయలేదు. రుఖయ్యా రెహానా అనే పేరుతో వేసినారు. రెహానా ఆయన చిన్నారి కూతురు. పసితనంలోనే పోయింది. ఆ రోజు సంగతి జామియాలో ఇలా చెబుతారు. బడిలో ఏదో వేడుక, జాకిర్ సాహెబ్ తన చేత్తో పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఎవరో వచ్చి చెవిలో బిడ్డకు బాగాలేదన్నారు. కాసేపటికి మళ్ళీ వచ్చి బిడ్డ పోయిందన్నారు. ఆయన ముఖం పాలిపోయింది, కాని చేయి ఆగలేదు. చివరి పిల్లవాడి దాకా మిఠాయి ఇచ్చి అప్పుడు ఇంటికి కదలినారు. ఎందుకలా చేసినారని అడిగితే, పిల్లలు అంత సంతోషంగా వున్నారు, దాన్ని ఎట్లా చెడగొట్టేదన్నారట. ఇది సరి అయిన పనేనా, ఆ క్షణాన ఇంట్లో తల్లి దగ్గర వుండవద్దా అని నన్ను మా ఇంట్లోనే అడిగినారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చాలా రోజులు తెల్లవారేసరికి ఆయన దిండు తడిసి వుండేదని మాత్రం చెబుతారు.

ఆయన మాట మీద వచ్చి చేరినవాళ్ళలో బెర్లిన్‌కు చెందిన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత ఒకరు. 1933 ప్రాంతంలో, జర్మనీలో హిట్లర్ రాజ్యం మొదలయ్యే కాలంలో, ఆమె జామియాకు వచ్చి చిన్నపిల్లల బడిలో పనికి కుదిరినారు. పిల్లలకు ఆమె ఆపాజాన్. యుద్ధకాలంలో జర్మన్ పౌరురాలని ఇంగ్లీషు సర్కారు ఆమెను నిర్బంధించింది. విడుదలై మళ్ళీ పిల్లల దగ్గరికే వచ్చి 1943లో చనిపోయినారు. జామియా ఖబ్రస్తాన్‌లోనే ఆమెకు ఆరడుగుల నేల దొరికింది.

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన. నవాబులను, మంత్రులను పిలవవచ్చును. దాతలు కూడా సంతోషిస్తారు. పునాదిరాయి వేసినది మాత్రం బడిలో అందరికన్నా చిన్న పిల్లవాడు.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ పెట్టి, చేతిపని ద్వారా చదువు చెప్పే పథకం తయారు చేసే కమిటీకి జాకిర్ సాహెబ్‌ను అధ్యక్షుణ్ణి చేసినారు. వినయం అంటే తల వూపడం కాదని అక్కడ తెలిసింది. పిల్లల చేతిపని మీద వచ్చే ఆదాయాన్నే మరీ పట్టుకొని కూర్చొంటే చదువు పక్కకు పోతుందని ఆ కమిటీ నివేదికలోనే హెచ్చరిక రాసినారు. గాంధీజీ అంటే ఆయనకు ప్రాణం. అయినా రాసినారు.

1946 నవంబరులో జామియాకు రజతోత్సవం. దేశమంతా మతకలహాలతో మండుతున్న రోజులు. అలాంటి సమయంలో ఒకే వేదిక మీద ఒకవైపు జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, మరోవైపు జిన్నా సాహెబ్, లియాఖత్ అలీ ఖాన్ కూర్చొన్నారు. ఆ రోజుల్లో ఇంకెవరు పిలిచినా ఇది జరిగేది కాదేమో. నవ్విస్తూ మాట్లాడే జాకిర్ సాహెబ్ ఆ రోజు నవ్వించలేదు. ఈ మంటను ఎవరు వెలిగించినారన్న లెక్క తర్వాత చూసుకోండి, ముందు ఆర్పండి, ఇళ్ళు తగలబడుతూ వుంటే మేము పిల్లలకు మనిషితనం ఎట్లా నేర్పేదని ఆ నాయకులను బతిమాలుకొన్నారు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకొన్నారు. మంట మాత్రం ఆరలేదు.

1947 ఆగస్టులో ఆ మంట ఆయన దాకా వచ్చింది. ఆరోగ్యం కోసం కాశ్మీరుకు రైలులో పోతుంటే జలంధర్ స్టేషనులో గుంపు చుట్టుముట్టింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డం నిలబడి ప్రాణం కాపాడినారు. ఢిల్లీకి తిరిగి వచ్చి చూస్తే ఓఖ్లా చుట్టూ వూళ్ళు కాలుతున్నాయి. సెప్టెంబరులో గాంధీజీ ఢిల్లీ చేరగానే జాకిర్ సాహెబ్ క్షేమమా అని చూసుకోవడానికి జామియాకు వచ్చినారు. తర్వాత జాకిర్ సాహెబ్ కాందిశీకుల సేవలో పడినారు. జలంధర్ సంగతి చెప్పవలసి వస్తే కాపాడినవాళ్ళ గురించి చెప్పేవారే గాని గుంపు గురించి కాదు.

ఇరవై ఏళ్ళ ప్రమాణం 1948తో తీరింది. ఆ సంవత్సరమే ఆయనను అలీగఢ్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా రమ్మన్నారు. దేశవిభజన తర్వాత అలీగఢ్ అంటే అనుమానంతో చూసే రోజులవి. జామియాను ముజీబ్ సాహెబ్ చేతుల్లో పెట్టి వెళ్ళి, 1956 వరకు అలీగఢ్‌ను నిలబెట్టినారు. మధ్యలో గుండెజబ్బు కూడా వచ్చింది. అక్కడ ఆయన చేసిన ఒక పని, పూలమొక్కలు నాటించడం. గులాబీల పిచ్చి ఆయనకు చివరిదాకా పోలేదు. చండీగఢ్‌లోని పెద్ద గులాబీ తోటకు ఆయన పేరే పెట్టినారు.

తర్వాతి పదవులు అందరికీ తెలిసినవే. 1957 నుంచి బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఆ ఎన్నికలో ఆయనకు పోటీగా నిలిచినది మన తెలుగువారైన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. మన దేశానికి ముస్లింలలో మొదటి రాష్ట్రపతి జాకిర్ సాహెబే. పదవిలో వుండగా కన్నుమూసిన మొదటి రాష్ట్రపతి కూడా ఆయనే. 1969 మే 3వ తేదీ ఉదయం గుండె ఆగిపోయింది. తాత్కాలిక రాష్ట్రపతిగా మన వి.వి.గిరిగారు ప్రమాణం చేసినారు.

ఆయనను ఖననం చేసినది జామియాలోనే. సమాధికి ఒక పక్క మసీదు, దగ్గరలోనే ఆయన పేరు మీద లైబ్రరీ. పుస్తకాలు పట్టుకొని పిల్లలు ఆ దారినే పోతూ వస్తూ వుంటారు.